హనుమకొండా, వరంగల్ బజారా: సేకరణ వస్తువుల దుకాణానికి మడిగె ఎక్కడ చూడాలి

పాత నాణేలు, నోట్లు, స్టాంపులు, హాట్ వీల్స్ బొమ్మ కార్లు, పోకెమాన్ కార్డులు అమ్మే దుకాణం పెడతామనగానే చుట్టుపక్కల వాళ్లు ఇచ్చే సలహా ఒకటే: జనం తిరిగే చోట పెట్టండి. హనుమకొండ చౌరస్తా, వరంగల్ స్టేషన్ రోడ్డు, బస్టాండు ఎదురు వరుస. కిరాణా కొట్టుకు, మొబైల్ షాపుకు, టిఫిన్ సెంటరుకు అది మంచి సలహానే. సేకరణ వస్తువుల దుకాణాన్ని మాత్రం అదే సలహా ఏడాది తిరగకముందే ముంచగలదు.

కాగితం మీద ఒక లెక్క వేసి చూడొచ్చు. మామూలు హాట్ వీల్స్ కారు రెండు వందల రూపాయల లోపు వస్తువు. దాని మీద దుకాణదారుకు 30 రూపాయలు మిగులుతాయని అనుకుందాం. మెయిన్ రోడ్డు మీద షట్టర్ కిరాయి నెలకు 25,000 అనుకుంటే, ఒక్క కిరాయికే నెలకు 834 కార్లు అమ్మాలి. వారానికి ఒకరోజు సెలవు తీసేసి 26 రోజులు తెరిస్తే రోజుకు 32. లోపలి గల్లీలో మొదటి అంతస్తు గది 8,000కు దొరికిందనుకుంటే నెలకు 267 చాలు, అంటే రోజుకు పది పదకొండు. అంకెలు ఒక్కో వీధికి మారతాయి, కానీ ఈ రెండు లెక్కల మధ్య తేడా మాత్రం ఎక్కడికి పోయినా ఉంటుంది. పైగా కరెంటు, సరుకు మీద పెట్టిన పెట్టుబడి ఇందులో కలపలేదు. ఈ వ్యాపారంలో పెట్టుబడి ఎక్కువగా అలమారాల్లోనే నిలిచిపోతుంది. ఒక నోటు కొన్న వారంలోనే అమ్ముడుపోవచ్చు, మూడేళ్లు కూర్చోవచ్చు కూడా.

మెయిన్ రోడ్డు మీద ఎక్కువ కిరాయి కట్టేది దారిన పోయేవాళ్ల కోసం. దారిన పోయే మనిషి 1940ల నాటి ఒక అణా బిళ్ళ కొనడానికి లోపలికి రాడు. వచ్చినా ధర విని ఆశ్చర్యపోయి వెళ్లిపోతాడు. కొనే మనిషి ముందే నిర్ణయించుకుని వస్తాడు. వాట్సాప్ గ్రూపులోనో ఇన్‌స్టాగ్రామ్‌లోనో ఫోటో చూసి, ఉందా లేదా అని మెసేజ్ పెట్టి, అడ్రస్ లొకేషన్ అడిగి మరీ వస్తాడు. వచ్చాక పది నిమిషాల్లో పోడు. గంట కూర్చుంటాడు, ఆల్బమ్‌లు తిరగేస్తాడు, తన దగ్గర రెండేసి ఉన్నవి (డబుల్స్) చూపిస్తాడు, ఇంకో ఇద్దరిని పరిచయం చేస్తాడు. కాబట్టి ఇక్కడ అడగాల్సిన ప్రశ్న వేరు. ఇంటి నుంచి బయలుదేరిన మనిషి ఇబ్బంది లేకుండా చేరగలడా, బండి పెట్టుకోగలడా, కాసేపు కూర్చోగలడా? ముందు రోడ్డు మీద గంటకు ఎంతమంది నడుస్తున్నారన్నది దాని తర్వాతి సంగతి.

దుకాణం పెట్టేవాళ్లు ఇంకో విషయం దాదాపు ఎప్పుడూ ఆలోచించరు: సరుకు ఎక్కడి నుంచి వస్తుంది? కార్లు, కార్డులు డిస్ట్రిబ్యూటర్ నుంచి వస్తాయి కాబట్టి వాటికి ఏ చోటైనా ఒకటే. నాణేలు, నోట్లు, స్టాంపులు అలా రావు. అవి ఇళ్లలోంచి బయటికి రావాలి. నిజాం రాజ్యానికి సొంత నాణెం ఉండేది, సొంత నోటు ఉండేది, 1869 నుంచి సొంత తపాలా స్టాంపు కూడా ఉండేది. హాలీ సిక్కా అనే ఆ నాణెం 1959 దాకా చెల్లింది. అంటే ఉత్తర తెలంగాణలో ఇప్పుడు ఎనభై ఏళ్లు దాటిన వాళ్లు చిన్నతనంలో చార్మినార్ బొమ్మ ఉన్న బిళ్ళలతోనే బజారు చేశారు. పాత ఇళ్లలో రేకు డబ్బాల్లో, దేవుడి అరల్లో అవి ఇంకా ఉన్నాయి. ఇల్లు పడగొట్టి కట్టేటప్పుడు, ఆస్తి పంచుకునేటప్పుడు బయటికొస్తాయి.

బయటికొచ్చినవి ఎక్కడికి పోతాయన్నదే బాధపెట్టే విషయం. ఎక్కువ భాగం వెండి దుకాణానికే పోతాయి. హాలీ సిక్కా రూపాయి తూకం 11.18 గ్రాములు, అందులో వెండి 81.8 శాతం. బ్రిటిష్ ఇండియా రూపాయి 11.66 గ్రాములు, వెండి 91.7 శాతం. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో రెండింటిలోనూ వెండిని 50 శాతానికి తగ్గించారు. తూకం చూసి కొనేవాళ్లకు బిళ్ళ మీది హిజ్రీ సంవత్సరంతో పని లేదు, అరుదైనదా కాదా అన్నదాంతోనూ పని లేదు. 2025లో వెండి కిలో లక్ష రూపాయలు దాటి ఇంకా పైకి పోయాక, కరిగించడానికి ఇచ్చే వాళ్లకు ఆశ మరింత పెరిగింది. వెండి దుకాణం మెట్లెక్కబోయే ముసలమ్మకు, ఆ బిళ్ళకు వెండి ధర కన్నా ఎక్కువ ఇచ్చే మనిషి నాలుగు అడుగుల దూరంలో ఉన్నాడని తెలిస్తే, ఆ నాణెం కరగకుండా మిగులుతుంది. చోటు ఎంపికలో ఇంత విలువైన అంశం ఇంకొకటి లేదు.

ఇక్కడే హనుమకొండ, కాజీపేట, వరంగల్ మూడు ఊళ్ల భూగోళం అడ్డం వస్తుంది. కొనేవాళ్లు ఒక పక్క, సరుకు ఇంకో పక్క.

కొనేవాళ్లు ఎక్కువగా హనుమకొండ, కాజీపేట వైపు. 1959లో రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీగా మొదలైన నిట్ అక్కడే ఉంది. దానిలో సగం సీట్లు ఇతర రాష్ట్రాల వాళ్లకు పోతాయి కాబట్టి ముంబైలోనో బెంగళూరులోనో కార్డులు, డై-కాస్ట్ (లోహపు బొమ్మ) కార్లు కొనడం అలవాటైన పిల్లలు నాలుగేళ్లు ఇక్కడ ఉంటారు. విద్యారణ్యపురిలో కాకతీయ యూనివర్సిటీ, హసన్‌పర్తి దారిలో ఇంజనీరింగ్ కాలేజీలు ఉన్నాయి. సుబేదారి, నక్కలగుట్ట, బాలసముద్రం, కిషన్‌పురల్లో ఉద్యోగుల కుటుంబాలు, డాక్టర్లు, లెక్చరర్లు ఉంటారు. నాణేల మీద వేలు ఖర్చుపెట్టేది ఈ మధ్యవయసు వాళ్లు. కార్ల మీద వందలు ఖర్చుపెట్టేది వాళ్ల పిల్లలు. ఒకే దుకాణంలోకి ఇద్దరూ కలిసి రావడం ఈ వ్యాపారానికి దొరికే పెద్ద అదృష్టం. అందుకే తండ్రీకొడుకులు ఆదివారం సాయంత్రం స్కూటర్ మీద రాగలిగే దూరంలో ఉండడం ముఖ్యం. వారపు సెలవు మంగళవారమో బుధవారమో పెట్టుకోవాలి గానీ ఆదివారం షట్టర్ దించకూడదు.

విద్యార్థుల మీదే ఆధారపడితే మాత్రం ప్రమాదం. సెలవుల్లో ఆ పేటలన్నీ ఖాళీ అవుతాయి. పరీక్షల నెలల్లో రారు. నయీంనగర్ వైపు జూనియర్ కాలేజీ హాస్టళ్లు చూసి ఇంతమంది పిల్లలున్నారు కదా అని మురిసిపోయే వాళ్లుంటారు. ఆ హాస్టళ్లలో పిల్లలకు బయటికి రావడానికి అనుమతి దొరకడమే కష్టం, చేతిలో డబ్బు ఉండడం ఇంకా కష్టం. వాళ్లను లెక్కలోకి తీసుకోకపోవడమే మేలు. పైగా ఎప్‌సెట్ (పాత ఎంసెట్), నీట్ టెన్షన్‌లో ఉన్న పిల్లవాడికి కార్డుల పిచ్చి అంటించి బతికే దుకాణం మంచి దుకాణం కాదు.

సరుకు వచ్చేది పాత వరంగల్‌లో. మట్టెవాడ, గిర్మాజీపేట, వరంగల్ చౌరస్తా చుట్టూ తరాలుగా వ్యాపారం చేసిన కుటుంబాలున్నాయి. బట్టల బజారుకు, బంగారం వెండి దుకాణాలకు చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం ఇప్పటికీ అక్కడికే వస్తారు. ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి, పత్తి తెచ్చిన రైతు పని అయిపోయాక వరంగల్ బజారుకు పోతాడు తప్ప నక్కలగుట్టకు రాడు. నర్సంపేట, పరకాల, మహబూబాబాద్ వైపు ఇళ్లలో ఉన్న పాత బిళ్ళలు ఆ దారినే ఊళ్లోకి వస్తాయి.

అయితే పాత బజారులో ఇరుకు ఎక్కువ. కారు పెట్టే చోటు లేదు, బండి పెట్టినా భయమే. కిరాయితో పాటు పగిడీ (ముందే ఒక్కసారిగా తీసుకునే మొత్తం) అడిగే మడిగెలుంటాయి. చీకటి పడ్డాక కుటుంబంతో తీరిగ్గా కూర్చునే వాతావరణం కాదు.

దీనికి తేలే సమాధానం దుకాణంలో ఏది ఎక్కువ అమ్ముతారన్న దాన్ని బట్టి ఉంటుంది. నాణేలు, నోట్లే ప్రధానమైతే వరంగల్ చౌరస్తా నుంచి నడిచిపోయే దూరంలో, వెండి దుకాణాల వరుసకు దగ్గరగా చిన్న మడిగె చాలు. పది అడుగుల వెడల్పు కూడా అక్కర్లేదు. కొనే టేబుల్ ఒకటి, తూకం, భూతద్దం, "పాత బిళ్ళలు కొంటాం" అని తెలుగులో, ఉర్దూలో రాసిన బోర్డు ఉంటే సరిపోతుంది. అమ్మకం ఎలాగూ ఫోన్ మీదే ఎక్కువ నడుస్తుంది. కార్లు, కార్డులు, బొమ్మలు ప్రధానమైతే సుబేదారి, నక్కలగుట్ట మధ్య మెయిన్ రోడ్డుకు రెండో గల్లీలో మొదటి అంతస్తు సరైన చోటు. రెండూ కలిపి నడపాలనుకునే వాళ్లు దుకాణం హనుమకొండలో పెట్టి, వారానికి ఒకరోజు పాత వరంగల్‌లో తెలిసిన వాళ్ల అరుగు మీదనో షాపులోనో కొనుగోలుకు కూర్చోవడం మంచి దారి. రెండు ఊళ్ల మధ్యన ఎక్కడో పెడితే ఇద్దరికీ దగ్గరవుతుందన్న ఆలోచన బాగానే అనిపిస్తుంది, కానీ ములుగు రోడ్డు మీదో హంటర్ రోడ్డు మీదో మధ్యలో ఉండే దుకాణం ఇద్దరికీ దూరమే అవుతుంది.

బయటి ఊళ్ల వాళ్ల సంగతి కూడా చూడాలి. కరీంనగర్, మంచిర్యాల, పెద్దపల్లి, జమ్మికుంట, మహబూబాబాద్, డోర్నకల్ సేకర్తలకు ఇప్పుడు ఉన్న దారి హైదరాబాద్. అబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంట్ల మీద పాత పుస్తకాలతో పాటు నాణేలు కూడా పరుస్తారు. ఒక రోజంతా దానికే పోతుంది. కాజీపేట జంక్షన్ దగ్గర బల్లార్షా వైపు లైను, విజయవాడ వైపు లైను, హైదరాబాద్ వైపు లైను మూడూ కలుస్తాయి. కాజీపేట స్టేషన్ దిగి ఆటోలో పది పదిహేను నిమిషాల్లో దుకాణం చేరగలిగితే, సాయంత్రం బండికి తిరిగి ఇంటికి పోగలిగితే, ఉత్తర తెలంగాణలో సగం మంది సేకర్తలు కస్టమర్లయ్యే అవకాశం ఉంది. కరీంనగర్ నుంచి బస్సులో వచ్చేవాళ్లకు హనుమకొండ బస్టాండే దగ్గర. సుబేదారి వైపు మొగ్గడానికి ఇది ఇంకో బలమైన కారణం.

వేయిస్తంభాల గుడి, కోట దగ్గర పెడితే టూరిస్టులు వస్తారన్న ఆశ కొందరికి ఉంటుంది. 2021లో రామప్పకు యునెస్కో గుర్తింపు వచ్చాక ఆ ఆశ ఇంకా పెరిగింది. గుడి చూడ్డానికి వచ్చినవాళ్లు కీచైన్, తోరణం బొమ్మ కొంటారు, నాణేల ఆల్బమ్ కొనరు. రెండేళ్లకోసారి మేడారం జాతరకు పోయే జనసముద్రం కూడా అంతే, ఆ రోజుల్లో రోడ్ల మీద రద్దీకి రోజూ వచ్చే కస్టమర్ కూడా రాలేడు. చట్టం సంగతి మరొకటి. కేంద్ర రక్షిత కట్టడాల చుట్టూ వంద మీటర్ల లోపు నిషిద్ధ ప్రాంతం, దాని అవతల ఇంకో రెండు వందల మీటర్లు నియంత్రిత ప్రాంతం. నిషిద్ధ ప్రాంతంలో కొత్త కట్టడానికి వీల్లేదు, మరమ్మతుకైనా అనుమతి తీసుకోవాలి. పైకప్పు కారే మడిగెను బాగుచేయించడానికి నెలల తరబడి ఎదురుచూడాల్సి వస్తే లోపలున్న కాగితం సరుకు ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

కాగితం మాట వచ్చింది కాబట్టి నీళ్ల గురించి గట్టిగా చెప్పాలి. 2020 ఆగస్టులో, 2023 జూలైలో హనుమకొండ, వరంగల్ కాలనీలు నీట మునగడం ఊళ్లో అందరికీ గుర్తుంది. 2023లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అదే వానల్లో భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. నయీంనగర్ నాలా పక్క వీధులు, హంటర్ రోడ్డు వైపు పల్లపు కాలనీలు చాలా ఇబ్బంది పడ్డాయి. బట్టల దుకాణంలో నీళ్లొస్తే సరుకు ఆరబెట్టి సగం ధరకైనా అమ్ముకోవచ్చు. స్టాంపు వెనక జిగురు తడిస్తే దాని విలువ అక్కడితో పోతుంది. కారును అమర్చిన అట్ట (బ్లిస్టర్ కార్డు) ఉబ్బిపోతే లోపల కారు కొత్తదే అయినా సేకర్త ముట్టుకోడు. అందుకే సెల్లార్‌లో ఎంత చౌకగా దొరికినా తీసుకోవద్దు. గ్రౌండ్ ఫ్లోర్ అయితే పక్కింటివాళ్లను, ఎదురుగా ఉన్న టైలర్‌ను, చాయ్ హోటల్ ఆయనను అడగాలి, 2023లో నీళ్లు ఎంతదాకా వచ్చాయని. ఓనరు చెప్పే మాట కన్నా గోడ అడుగున ఉప్పు పట్టి పెచ్చులూడిన గుర్తు ఎక్కువ నిజం చెబుతుంది.

నీళ్లు రాకపోయినా నాలా పక్కన మంచిది కాదు. మురుగు నుంచి వచ్చే గాలిలో గంధకం కలిసిన వాయువు ఉంటుంది, అది వెండిని నల్లబరుస్తుంది. టిఫిన్ సెంటర్ పైన గది చౌకగా వస్తుంది, కానీ నూనె ఆవిరి ప్రతి కవరు మీదా పొరలా పేరుకుంటుంది. పై అంతస్తు మంచిదన్నామని అన్నిటికన్నా పైది తీసుకోకూడదు. మే నెలలో శ్లాబు కింద గది పగలంతా కాగుతుంది, ఆల్బమ్‌ల ప్లాస్టిక్ మెత్తబడి నోటుకు అతుక్కుంటుంది. నెత్తిన ఇంకో అంతస్తు ఉన్న గదే కావాలి. రేకుల షెడ్డు అసలు వద్దు.

వెలుతురు సంగతికొస్తే, పడమటి ముఖం దుకాణంలో మధ్యాహ్నం మూడు నుంచి ఆరు దాకా ఎండ నేరుగా అద్దాల అలమారాల మీద పడుతుంది. ఎరుపు, పసుపు రంగులు ముందు వెలుస్తాయి, కార్డుల మీద ఉండేవి ఎక్కువగా ఆ రంగులే. తూర్పు ముఖం, ఉత్తర ముఖం మడిగెలకు వాస్తు వల్ల గిరాకీ ఎక్కువ, కిరాయీ కొంచెం ఎక్కువే చెబుతారు. ఈ వ్యాపారంలో ఆ ఎక్కువ ఇవ్వడం దండగ కాదు, వాస్తు నమ్మినా నమ్మకపోయినా.

నాణేల దుకాణానికి చట్టం కూడా చోటు గురించి అడుగుతుంది. 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం పురావస్తువు. దాన్ని అమ్మే వ్యాపారానికి లైసెన్సు కావాలి. లైసెన్సు ఇచ్చే అధికారి దరఖాస్తుదారు అనుభవంతో పాటు ఏ ఊళ్లో వ్యాపారం చేస్తారన్నది, ఆ ఊళ్లో ఇప్పటికే ఎంతమంది ఈ వ్యాపారంలో ఉన్నారన్నది కూడా చూడాలని చట్టంలోనే ఉంది. అంటే ఊరి ఎంపిక లైసెన్సులో భాగం. వందేళ్ల గీత ఏటా ముందుకు జరుగుతుందన్నది చాలామంది మర్చిపోతారు. ఐదో జార్జి బొమ్మ వెండి రూపాయలు 1911 నుంచి 1922 దాకా ముద్రించినవి, అన్నీ ఇప్పుడు గీత దాటాయి. ఉస్మాన్ అలీ ఖాన్ కాలం నాణేలు ఒక్కో ఏడాదివి ఒక్కోసారి దాటుతున్నాయి. లైసెన్సు వచ్చేదాకా 1930ల తర్వాతి నాణేలు, రిపబ్లిక్ ఇండియా నాణేలు, ఫ్యాన్సీ నంబర్ నోట్లు, నంబరులో 786 ఉన్న నోట్లతో నడపడమే క్షేమం. రద్దయిన పాత 500, 1000 నోట్లకూ హద్దు ఉంది, 2017 చట్టం ప్రకారం అధ్యయనం కోసం, సేకరణ కోసం అయినా ఇరవై ఐదుకు మించి ఉంచుకోకూడదు.

పొలంలో దొరికిన లంకెబిందెల విషయం ఈ ప్రాంతంలో మరీ జాగ్రత్తగా చూడాలి. జగిత్యాల జిల్లా కోటిలింగాలలో శాతవాహన సిముకుడి నాణేలు దొరికిన నేల ఇది. పి.వి. పరబ్రహ్మశాస్త్రి లాంటి పండితులు వాటిని చదివి తెలంగాణ చరిత్రను కొన్ని శతాబ్దాలు వెనక్కి తీసుకెళ్లారు. నాగలికి తగిలిన కుండలోని నాణేలు పది రూపాయల విలువ దాటితే కలెక్టర్‌కు తెలపాలని 1878 నాటి చట్టం చెబుతుంది. పాత వరంగల్‌లో కొనుగోలు టేబుల్ పెట్టిన మనిషి దగ్గరకు ఏదో ఒకరోజు మట్టి అంటిన నాణేలతో ఎవరో వస్తారు. కొనకూడదు. అది చట్టం కోసమే కాదు, ఏ చోట, ఏ లోతులో, వేటి మధ్య దొరికాయో తెలియకుండా చెదిరిపోయిన నాణేలు చరిత్రకు పనికిరావు. ఎక్కడ చెప్పాలో ఆ రైతుకు చెప్పి పంపే దుకాణం ఈ జిల్లాలకు నిజంగా అవసరం.

భద్రత గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. బంగారం దుకాణాల వరుసలో రాత్రి కాపలా ఉంటుంది, అది పాత బజారుకు ఒక మంచి గుణం. మొదటి అంతస్తు అయితే మెట్లు ఒకే దారిలో ఉన్నాయో లేదో చూసుకోవాలి. విలువైనవి రాత్రి దుకాణంలో ఉంచకుండా బ్యాంకు లాకర్‌లో పెట్టుకునే వాళ్లు బ్యాంకు దూరం కూడా చూసుకోవాలి.

స్టాంపులు అమ్మేవాళ్లకు స్కూళ్లు దగ్గరుండడం మంచిది. తపాలా శాఖ 2017లో మొదలుపెట్టిన దీన్ దయాళ్ స్పర్శ్ యోజన కింద ఆరు నుంచి తొమ్మిదో తరగతి పిల్లలకు ఫిలాటెలీ (స్టాంపుల సేకరణ) మీద ఏడాదికి 6,000 రూపాయల స్కాలర్‌షిప్ ఇస్తారు. స్కూల్లో ఫిలాటెలీ క్లబ్బు పెట్టడానికి సాయం చేసే దుకాణానికి ఆ స్కూలు పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు ఏళ్ల తరబడి వస్తారు.

మడిగె నచ్చాక అగ్రిమెంటు. పదకొండు నెలల అగ్రిమెంటు ఇక్కడ అందరూ రాసుకునేదే. ఈ వ్యాపారంలో మాత్రం కస్టమర్లు చోటును గుర్తుపెట్టుకోవడానికే ఏడాది పడుతుంది. అప్పుడు ఓనరు ఖాళీ చేయమంటే మొదటికొస్తుంది. కొంచెం ఖర్చైనా మూడేళ్లకు రిజిస్టర్డ్ లీజు అడగాలి, కిరాయి ఏటా ఎంత పెంచుతారో అందులోనే రాయించాలి. రోడ్డు వెడల్పులో ఆ బిల్డింగ్ పోతుందేమో మున్సిపల్ కార్పొరేషన్‌లో, కుడా (కాకతీయ అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీ)లో ముందే కనుక్కోవాలి. అడ్వాన్స్ ఇచ్చే ముందు జూలై, ఆగస్టులో ఒక గట్టి వాన పడిన రోజు వెళ్లి ఆ గల్లీలోకి బండి పోతుందో లేదో, మెట్ల దగ్గర నీళ్లు నిలుస్తాయో లేదో చూసి రావాలి. వానాకాలం దాకా ఆగలేమనుకునే వాళ్లు కనీసం ఆ వీధిలో పాలు పోసే మనిషిని అడగొచ్చు.